టెన్నిస్ బంతికి సున్నా

పిల్లలకు వాళ్ళ జాతి గురించి పాఠం చెప్పాలంటే, ఆ జాతి పిల్లలు క్లాసులో ఉండటాన్ని మించిన అడ్డంకి లేదు. నవ్వకండి! నేను ట్రైనింగ్ పొందినవాణ్ణి.

మా స్కూలు కాలిఫోర్నియా లోయలో, బాదంతోటల పక్కన ఉంది. మెక్సికో వాళ్ళ పిల్లలు, పంజాబీలు, లావోస్ కొండల నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ వాళ్ళ పిల్లలు అందరూ మా దగ్గరే చదువుతారు. వీళ్ళందరి చరిత్రనూ ఎత్నిక్ స్టడీస్ పేరుతో చెప్పాలని మా స్కూలు బోర్డు తీర్మానించింది. అందులో తప్పినవాళ్ళు వేసవంతా మళ్ళీ క్లాసులో కూర్చోవాలి. మరి చెప్పేదెవరు? బేస్‌బాల్ నేర్పుకుంటూ నా మానాన నేనున్న రూబెన్ ఒలివారెస్‌ని, నేను! మెక్సికో వాళ్ళ పేరు చూసి ఎంపిక చేశారని గిట్టనివాళ్ళు అంటారు.

శనివారం ఒక పూట ట్రైనింగ్ ఇచ్చారు. రాజధాని నుంచి వచ్చిన ప్రెస్కాట్ మేడమ్ నన్ను చూడగానే వెలిగిపోయింది.

"ఒలివారెస్ గారూ, మీ సంస్కృతి గురించి రెండు ముక్కలు చెప్పండి."

"మాది మోడెస్టో అండీ. ఇక్కడికి గంట ప్రయాణం."

"చాలా బాగుంది," అని ఆవిడ బోర్డు మీద 'తమాలే' అని మెక్సికో వంటకం పేరు రాసింది. నా గురించి నాకంటే బాగా తెలిసిన మనిషిని నమ్మకుండా ఎలా ఉంటాను?

భోజనాల వేళకు ప్రపంచంలోని జాతులన్నీ నా పెన్‌డ్రైవ్‌లోకి చేరాయి. జాతికో స్లయిడ్. అందులో ఒక పండగ, ఒక వంట, ఒక కష్టం. ఎంత హాయో చెప్పలేను! పూర్వం పిల్లల గురించి తెలుసుకోవాలంటే పిల్లల్నే అడగాల్సి వచ్చేది. వాళ్ళేమో తలా ఒకటి చెప్పేవాళ్ళు. ఆ తలనొప్పి తీరింది.

హ్మాంగ్ పాఠాన్ని సాక్షాత్తూ వాళ్ళ కొత్త సంవత్సరం రోజునే పెట్టారు. గౌరవమంటే అదీ! ఆ రోజు హ్మాంగ్ పిల్లలు ఒక్కరూ బడికి రాలేదు. ఎలా వస్తారు, ఊరి మైదానంలో పండగ చేసుకుంటుంటే? పాఠం మాత్రం నల్లేరు మీద బండిలా సాగింది. "మా ఇంట్లో అలా చేయరు సార్" అని చెయ్యెత్తే వాళ్ళు లేరు కదా!

తరువాత పరీక్ష పెట్టాం. పండగకు వెళ్ళొచ్చిన హ్మాంగ్ పిల్ల, పాకూ లోర్, తప్పింది. కొత్త సంవత్సరం ఆటలో ఎదురెదురుగా నిలబడి విసురుకునేది ఏమిటన్న ప్రశ్నకు 'టెన్నిస్ బంతి' అని రాసింది. సున్నా వేశాను. ఆ సున్నాతోనే తప్పింది.

"టెన్నిస్ బంతేంటమ్మా? నల్లగుడ్డతో కుట్టిన బంతి అని స్లయిడ్‌లో ఉందిగా?"

"మేం దాంతోనే ఆడాం సార్. మా నానమ్మే కొనుక్కొచ్చింది. లావోస్‌లో ఉన్నప్పుడు గుడ్డదే కుట్టేదంట. ఇక్కడ కుట్టే తీరిక ఎవరికుంది అంటది."

"వేసవిలో మళ్ళీ కూర్చోవాలి, తెలుసుగా?"

"నేనిక్కడ కూర్చుంటే స్ట్రాబెర్రీల కొట్టు దగ్గర నానమ్మ ఒక్కతే ఉంటది సార్."

ట్రైనింగ్ లేని టీచరైతే ఇక్కడే పడిపోయేవాడు. ఆ ముసలావిణ్ణి క్లాసుకు పిలిపించేవాడు. కొండలు దాటొచ్చిన ఆట మన లోయలో ఎలా మారిందో పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. చివరికి స్లయిడ్ గతేం కావాలి? నేను చలించలేదు.

పాకూ పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది.

"సార్, ఆ స్లయిడ్ ప్రింటు ఒకటి ఇస్తారా?"

"చదువుకుంటావా?"

"నాక్కాదు సార్, నానమ్మకి. ఇన్నేళ్ళూ తప్పుగా చేస్తోందని తెలీదు పాపం."

దీనికేం చెప్పాలో పెన్‌డ్రైవ్ అంతా వెతికాను. ఎక్కడా లేదు. ఆ పిల్ల ముఖం చూడటానికి సిగ్గేసింది.

వచ్చే శనివారం 'పిల్లల మాట వినడం ఎలా' అనే పై ట్రైనింగ్ ఉందట. పాకూనీ, వాళ్ళ నానమ్మనీ వెంట తీసుకురావచ్చా అని అడిగాను.

టీచర్లకు మాత్రమే ప్రవేశమని జవాబొచ్చింది.