నలభై ఒకటో పేరు

"వచ్చే ఆదివారం మన భిలాయిలో జవాన్లకు జరగబోయే గౌరవం చూసి, సరిహద్దులో ఉన్న జవాన్లు 'అయ్యో, మనం భిలాయిలో లేకపోతిమే' అని కుమిలిపోవాలి" అని వాసుదేవరావుగారు ప్రకటించారు. అది 1966 మార్చి. ఆయన జవాన్ గౌరవ సమితికి అధ్యక్షులు. సమితి పుట్టి పదిరోజులైంది. ఎన్నికలకు ఏడాది కూడా లేదు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని, ఎవరూ అడక్కముందే ఆయనే చెప్పారు. అంతటి నిజాయితీ ఆయనది.

ఆ సాయంత్రమే ఆయన హవల్దార్ ఏసురత్నం కోసం కబురు పంపారు. ఏసురత్నం సైన్యంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. అందులో సగం కొత్తవాళ్ళకు డ్రిల్లు నేర్పడంలోనే గడిచింది. రిటైరయ్యాక స్టీల్ ప్లాంటులో పనిచేసే తమ్ముడి క్వార్టర్లో ఉంటున్నాడు.

"భోపాల్ నుంచి మంత్రిగారు వస్తన్నారండీ. మా వాలంటీర్లు నలభైమందినీ మిలట్రీ చేసెయ్యాలి" అన్నారు వాసుదేవరావుగారు.

"ఎప్పటిలోగానండీ?"

"ఆదివారంలోగా."

"సిపాయిని తయారు చెయ్యడానికి మాకు తొమ్మిది నెలలు పట్టేదండీ."

"ఆళ్ళు యుద్ధానికెళ్ళాలి కాబట్టి పట్టింది. మనవాళ్ళు ఫొటోకే కదండీ!"

ఏసురత్నం కాదని వచ్చేసేవాడే. కాని అప్పలనర్సమ్మ గుర్తొచ్చింది. ఆమె నందిని గనుల్లో సున్నపురాయి మోస్తుంది. ఒక్కడే కొడుకు, సింహాద్రి. వాడికి తుపాకీ పట్టుకోవడం నేర్పింది ఏసురత్నమే. కిందటి సెప్టెంబరు యుద్ధంలో వాడు సరిహద్దులో పోయాడు. ఏసురత్నం పరామర్శకు వెళ్ళినప్పుడు ఆమె ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"టెలిగ్రాం ఇంగిలీసులో వచ్చింది బావూ. ఏటుందో నాకెరిక్కాలేదు. మావోడి పేరు పదిమందిలో ఒక్కసారి గట్టిగా పిలిస్తే సాలు. ఇనీసి ఎల్లిపోతాను."

"ఒక షరతండీ" అన్నాడు ఏసురత్నం. "ఈ చుట్టుపక్కల చనిపోయిన జవాన్ల పేర్లు సభలో చదవాలి."

"చదవకపోవడమేటి! ఏడో ఐటమ్‌గా ఎప్పుడో వేసేశాం" అన్నారు వాసుదేవరావుగారు, అప్పుడే కాగితం మీద వేస్తూ.

శిక్షణ మొదలైంది. రెండోరోజు పావుగంట ఎండలో నిలబెట్టేసరికి ముగ్గురు వాలంటీర్లు కూలబడ్డారు. దూబే అనే వాలంటీరు "క్యా భయ్యా, యుద్ధంలో కూడా ఎండ ఉంటుందా?" అని అడిగాడు. ఉంటుందని తెలిశాక, నాలుగోరోజు నుంచి డ్రిల్లు షామియానా కిందికి మారింది.

అధ్యక్షులవారు దుర్గ్ వెళ్ళి యూనిఫాం కుట్టించుకున్నారు. ఏ హోదాకి కుట్టమంటారని దర్జీ అడిగితే, "జనరల్ కంటే ఒక్క మెట్టు తక్కువ వెయ్యి, అణకువగా ఉంటుంది" అన్నారట. ఛాతీ బోసిగా ఉండకూడదని బాడ్మింటన్ డబుల్స్‌లో రన్నరప్‌గా వచ్చిన పతకమూ, పూలకుండీల పోటీలో వచ్చిన పతకమూ తగిలించుకున్నారు. దేశంకోసం ఆయన ఆరోజుల్లో మధ్యాహ్నం నిద్ర కూడా మానేశారు.

శనివారం సాయంత్రం కార్యక్రమం అచ్చయి వచ్చింది. ఏసురత్నం రెండుసార్లు వెతికాడు. ఏడో ఐటమ్ దగ్గర 'వందన సమర్పణ' అని ఉంది.

"మంత్రిగారు ఇరవై ఐదు నిమిషాలే ఉంటారంటండీ. ఏదో ఒకటి తియ్యాలి కదా" అన్నారు వాసుదేవరావుగారు. "వందన సమర్పణ తీస్తే షామియానావాడు ఏటనుకుంటాడు? మైకువాడు ఏటనుకుంటాడు? పోయినవాళ్ళయితే ఏమీ అనుకోరు. మహానుభావులు!"

కొడుకు పేరు పిలుస్తారని అప్పలనర్సమ్మకి అప్పటికే కబురు వెళ్ళిపోయింది.

ఆదివారం ఆమె నందిని నుంచి లారీ ఎక్కి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని మైదానం పక్కన తాడు దగ్గర నిలబడింది. మంత్రిగారు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. వాసుదేవరావుగారి త్యాగం గురించి ముగ్గురు మాట్లాడారు. ఆయన నిద్ర ప్రస్తావన వచ్చినప్పుడు మంత్రిగారి కళ్ళు చెమర్చాయి, లేదా మూతపడ్డాయి. ఆయనే లేచి అధ్యక్షులవారికి శాలువా కప్పారు.

చివరి అంశం పరేడ్. తన వెనక ఎందరున్నారో మంత్రిగారు చెవులారా వినాలని, వాలంటీర్ల హాజరు మైకులో పిలవమన్నారు వాసుదేవరావుగారు.

"సావధాన్!" అన్నాడు ఏసురత్నం. నలభైమందీ బిగుసుకున్నారు. వేదికమీద అధ్యక్షులవారు సెల్యూట్ కొట్టి, 'విశ్రామ్' అనేదాకా దించకూడదని చెయ్యి అలాగే ఉంచారు.

"దూబే, సెక్టార్ ఐదు!"

"జై హింద్!"

"గోవిందరావు, కుమ్హారి!"

"జై హింద్!"

నలభై పేర్లూ అయిపోయాయి. ఏసురత్నం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకోసారి ఊపిరి పీల్చాడు.

"సింహాద్రి, నందిని!"

ఎవరూ పలకలేదు.

"సింహాద్రి, నందిని!" మైదానం అవతలి క్వార్టర్ల దాకా వినిపించింది.

మంత్రిగారు తల తిప్పి చూశారు. వాసుదేవరావుగారి పరువు పోయేలా ఉంది. సెల్యూట్ దించకుండానే ఎడంచేత్తో వేదికమీది మైకు లాక్కుని హిందీలో గర్జించారు. "రాలేదా? పేరు కొట్టెయ్యండి! దేశం పిలిస్తే పలకనివాడు మన సమితికి అక్కర్లేదు!"

ఈ క్రమశిక్షణకు మంత్రిగారు ముగ్ధులై చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. ఆరోజు అంతలా మోగిన చప్పట్లు ఇంకెవరికీ దక్కలేదు.

అప్పలనర్సమ్మకి హిందీ అంతగా రాదు. తాడు కిందనుంచి దూరి ఏసురత్నం దగ్గరికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"పెద్దాయన ఏటన్నారు బావూ?"

ఏసురత్నం వేదికవైపు చూశాడు.

"ఇన్ని సప్పట్లు... అన్నీ మా సింహాద్రికేనా?"

"ఆడికేనమ్మా" అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే చతికిలబడి, ఆరు నెలలకి మొదటిసారి ఏడ్చింది.

నలభైమందీ ఇంకా సావధాన్‌లోనే ఉన్నారు. వేదికమీద అధ్యక్షులవారి చెయ్యి వణకడం మొదలైంది. "విశ్రామ్ చెప్పండి హవల్దార్ గారూ, మంత్రిగారి టీ సల్లారిపోతంది!" అన్నారు పళ్ళ బిగువున.

ఏసురత్నం చెప్పలేదు.