మీటరు, నీళ్ళు

నీరు ఎవరినీ అడగకుండా ఎక్కడికైనా వెళ్ళగలదు. మనిషి వెళ్ళాలంటే కాగితం కావాలి. నీరు వెళ్ళిన చోటికి దాని వెనకే మనిషి వెళ్ళాలంటే ఎన్ని కాగితాలు కావాలో మా అలెగ్జాండ్రియాలో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఆ శాస్త్రానికి నా వంతు సేవగా ఇది రాస్తున్నాను.

ఏటా నవంబరులో మా ఊరికి చీపురు తుఫాను వస్తుంది. వీధులన్నీ ఊడ్చిపెట్టి పోతుంది గనుక జాలరులు దానికా పేరు పెట్టారు. మా ఊళ్ళో చెప్పిన తేదీకి హాజరయ్యేది అదొక్కటే (దానికి జీతం లేదు). ఈసారి అది మా మోటారు సైకిల్‌ను కూడా వదల్లేదు. హ్యాండిల్ మధ్యలో, బండి వేగాన్నీ తిరిగిన కిలోమీటర్లనూ చూపే గాజు డబ్బా ఉంటుంది కదా, దాన్ని మేము మీటరు అంటాం. కరెంటుదీ మీటరే, ఇంటి నీళ్ళదీ మీటరే. ఒక్క మాటతో మూడు పనులు జరుపుకునే పొదుపరులం. ఆ పొదుపే నన్ను ముంచింది.

తుఫాను పోయాక చూస్తే గాజు లోపలంతా ఆవిరి పట్టింది. అడుగున నీళ్ళు నిలిచాయి. అంకెలు కనబడడం లేదు. ముల్లు నలభై దగ్గర బిగుసుకుపోయింది. గోడకు ఆనించిన బండి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతోంది.

నేను వర్దియాన్ పేటలో చేపల అన్నం వండుతాను. ఓడలు బాగుచేసే యార్డులో అరవై మంది మధ్యాహ్నం ఒంటిగంటకు దాని కోసం గేటు వైపు చూస్తుంటారు. నా తమ్ముడు ముతవల్లి ఆ బండికే గిన్నెలు కట్టి తీసుకుపోతాడు. బండి నా పేరున ఉంది. దాని లైసెన్సు నెలాఖరుకు అయిపోతుంది. తనిఖీలో మీటరు పనిచేయకపోతే కొత్త లైసెన్సు రాదు. లైసెన్సు లేకపోతే వంతెన దగ్గర పోలీసులు బండి లాక్కుంటారు. బండి పోతే ఒంటిగంట దాటుతుంది. ఒంటిగంట దాటితే యార్డు వాళ్ళు ఇంకో వంటావిడను చూసుకుంటారు. విషయం ఇంతే. ఇంతకన్నా చిన్న విషయాన్ని నేను ఏ ప్రభుత్వానికీ అప్పగించలేదు.

మెకానిక్ బిషారా గాజు మీద వేలితో కొట్టి నవ్వాడు.

"ఇదీ ఒక జబ్బేనా అక్కా? డబ్బా విప్పుతా, తడి పీల్చుకోడానికి బియ్యంలో పాతిపెడతా, చిలుము పట్టినచోట స్పిరిట్టు పోసి పళ్ళ బ్రష్షుతో తోముతా. మూత చుట్టూ సిలికాన్ పూసి, అడుగున సూది బెజ్జం పెడతా. మళ్ళీ నీళ్ళొచ్చినా వాటి దారిన అవి పోతాయి. పొద్దున మొదలెడితే టీ వేళకి బండి నీ గుమ్మంలో ఉంటుంది."

"మరి మొదలెట్టు."

"మొదలెడితే నేను జైలు గుమ్మంలో ఉంటా. ఈ సీసం ముద్ర చూశావా? కిలోమీటర్లు తగ్గించి బండ్లు అమ్ముకునే దొంగల కోసం వేశారు. అనుమతి కాగితం లేకుండా విప్పితే నేనూ దొంగనే."

అనుమతులిచ్చేది ముద్రల శాఖ. నాలుగో కిటికీలో మేడం ఇనాయత్ ఉంటుంది. ఆమె ముందు టీ గ్లాసు ఉంటుంది. రెండింటిలో ఎప్పుడూ కదిలేది గ్లాసే.

"తెరవడానికి అనుమతి కావాలంటే ఇప్పుడు అందులో ఎంత అంకె ఉందో రాయాలి హజ్జా," అందామె. (నేను హజ్ యాత్ర చేయలేదు. యాభై దాటిన ఆడదాన్ని మా ఆఫీసుల్లో అలాగే పిలుస్తారు. మక్కాకు పోకుండా దొరికే పుణ్యం అదొక్కటే.)

"అంకె కనబడదు మేడం. నీళ్ళున్నాయి."

"నీళ్ళు తీసేయించండి."

"తీయాలంటే తెరవాలి."

"తెరవాలంటే అనుమతి కావాలి."

ఆమె వెటకారం చేయలేదు. దారి అడిగిన మనిషికి దారి చెప్పినట్టే చెప్పింది. ఆ దారి గుండ్రంగా ఉండడం ఆమె తప్పు కాదు. చివరికి జాలిపడి ఒక ఫారం ఇచ్చింది. అంకె కనబడని వాళ్ళకు అదొక ప్రత్యేక ఫారం.

ఆ ఆఫీసు గేటు పక్కన రాగిబ్ అనే అర్జీల రాతగాడు గొడుగు కింద బల్ల వేసుకుని ఉంటాడు. రెండేళ్ళ క్రితం దాకా నా కాగితాలన్నీ అతనే రాసేవాడు, నేను కింద బొటనవేలు ఒత్తేదాన్ని. ఆ తరువాత చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఈసారి అతని ముందు నుంచే తలెత్తుకుని నడిచిపోయి, గోడకు ఫారం ఆనించి నేనే రాశాను. అందులో రెండు గళ్ళున్నాయి. ఒక్కొక్కటి సరిగ్గా బొటనవేలంత (ఎవరిని ఊహించుకుని గీశారో తెలుస్తూనే ఉంది). "పరికరం" అన్న గడిలో "మీటరు" అని రాశాను. "లోపం" అన్న గడిలో "నీళ్ళు" అని రాశాను. అక్షరాలు గీత దాటలేదు.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. "మీ నీళ్ళ మీటరు విషయం మా పరిధిలోది కాదు. ఫైలును నీటి సరఫరా శాఖకు పంపడమైనది."

రాగిబ్ ఆ కాగితం చదివి గొడుగు ఊగేలా నవ్వాడు. "రెండే మాటలు రాశావు హజ్జా. రెండు మాటలు రాస్తే వాళ్ళకి ఏదో ఒకటి అర్థమవుతుంది, అదే కొంప ముంచేది. నేనైతే నలభై మాటలు రాస్తాను. ఎవడికీ ఏమీ అర్థం కాదు, భయపడి సంతకం పెట్టేస్తారు."

నీటి సరఫరా శాఖలో ఫహీమ్ గారు నా ఫైలును రెండు చేతులతో అందుకున్నారు.

"మీటరు ఇంట్లో ఏ గోడకుంది?"

"గోడకు లేదయ్యా. మోటారు సైకిల్‌కుంది."

ఆయన ఏమాత్రం తొణకలేదు. "చిరునామా: కదులుతూ ఉంటుంది" అని రాసుకున్నారు. తరువాత కలం ఎత్తి, "నీళ్ళు ఉప్పనా చప్పనా? ఉప్పనైతే సముద్రానివి, రేవు శాఖకు పోవాలి. చప్పనైతే మావే," అన్నారు.

"గాజు లోపలున్నాయి, రుచి ఎలా చూడమంటారు?" అన్నాడు ముతవల్లి.

"పైన నాకి చూడండి."

ముతవల్లి బయటికి వెళ్ళి నాకి వచ్చాడు. ఉప్పగానే ఉందట. మా ఊళ్ళో దేన్ని నాకినా ఉప్పే, ఆఫీసు తలుపుతో సహా. కానీ రేవు శాఖ మూడు ట్రాముల దూరం గనుక చప్పన అని అబద్ధం చెప్పాడు. ప్రభుత్వం అతని నాలుకను నమ్మింది. నా అక్షరాలకన్నా అది నయం.

అనుమతి మాత్రం రాలేదు. నెలాఖరుకు ఆరు రోజులుందనగా నేను బిషారా దుకాణానికి వెళ్ళి శ్రావణంతో సీసం ముద్రను నేనే తెంపాను.

"అక్కా, జైలు!"

"భయపడకు. అక్కడా వంట నేనే చేస్తానులే."

టీ వేళకు పని అయిపోయింది. గాజు కొత్త కళ్ళజోడులా మెరిసింది. ముల్లు సున్నాకు దిగింది. నలభై ఒక్క వేల మూడు వందల డెబ్బై, అంకెలు నేను కూడా చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. మరునాడు తనిఖీకి తీసుకుపోయాం. నీటి శాఖ నుంచి ఫైలు మాకన్నా ముందే అక్కడికి చేరింది. ఇంజనీరు మీటరు చుట్టూ తిరిగాడు. ముద్ర ఏమైందని అడగలేదు. మొహం చిట్లించాడు.

"నీళ్ళేవి?"

"తీసేశాం కదయ్యా. బాగుచేయించాం."

"ఫైలులో నీళ్ళున్నాయి. బండిలో లేవు. అంటే ఇది ఆ మీటరు కాదు. దేన్ని నమ్మమంటారు?"

"మీ కళ్ళను నమ్మండి."

"కళ్ళకు సంతకం ఉండదు హజ్జా."

మళ్ళీ బిషారా దగ్గరికి వెళ్ళాం. ఎంతో శ్రద్ధగా పెట్టిన సూది బెజ్జంలోంచి అతనే సిరంజితో నీళ్ళు ఎక్కించాడు. బెజ్జానికి మైనం పెట్టాడు. ముప్పై ఏళ్ళ పనిలో అతని నోట రాని తిట్లన్నీ ఆ రోజు వచ్చాయి. గాజు మీద ఆవిరి కమ్మింది. అంకె మాత్రం, పాపం, ఆవిరి చాటు నుంచి మసగ్గా కనబడుతూనే ఉంది. నెల ఆఖరి రోజున ఇంజనీరు దాన్ని చూసి తృప్తిగా తలూపి "తడి నిజమే" అని ముద్ర కొట్టాడు. లైసెన్సు వచ్చింది. ఒక్కటే షరతు: నీళ్ళ మీటరు గనుక నీటి శాఖ మనిషి నెలనెలా వచ్చి రీడింగు తీసుకుంటాడు.

నిజంగానే వచ్చాడు. మర్యాదస్థుడు. నెలనెలా బండి ముందు గొంతుక్కూర్చుని, గాజును చొక్కా చేత్తో తుడిచి, నలభై ఒక్క వేల మూడు వందల డెబ్బై అని రాసుకుని, "లీకేజీ లేదు" అని మెచ్చుకునేవాడు. నీళ్ళలో నానిన అంకె మళ్ళీ కదల్లేదు. ముతవల్లి రోజూ యార్డుకు పోయి వస్తున్నాడు. అరవై మందీ ఒంటిగంటకు తింటున్నారు. వ్యవస్థ పనిచేస్తోందని నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను.

మూడు రీడింగులయ్యాక, నాలుగో నెల వచ్చి అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు పన్నెండున్నర. ముతవల్లి గిన్నెలు కట్టి బండి స్టార్టు చేయబోతున్నాడు.

"బండి ఆపాలి హజ్జా. ఈ మీటరు తాలూకు మనిషి చనిపోయింది. దేవుడు ఆమెను కరుణించుగాక."

"ఎవరయ్యా చనిపోయింది?"

"బహీగా అబ్దుల్ బారీ. మీ చుట్టమా?"

కాగితం తీసుకుని నేనే చదివాను. "వరుసగా మూడు నెలలు వాడకం లేనందున వినియోగదారు మరణించినట్టు నిర్ణయించడమైనది. మరణించినవారి పేరున ఉన్న వాహనం రోడ్డెక్కరాదు."

"బహీగాను నేనే," అన్నాను.

అతను కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితాన్ని చూశాడు. "అది నేను రాసుకోలేను హజ్జా, గడి లేదు. కాగితం అందినట్టు ఇక్కడ పెట్టండి. వారసులు పెట్టే చోటు." జేబులోంచి సిరా డబ్బా తీసి నా బొటనవేలి వైపు చాచాడు.

ముతవల్లి బండి మీంచి గిన్నెలు విప్పుతున్నాడు. ట్రాము ఎక్కినా రెండింటికి గానీ అన్నం యార్డు చేరదు.

సిరా డబ్బా పక్కకు నెట్టి కలం అడిగాను. పూర్తి పేరుతో సంతకం చేశాను. చదువుకోవడం మంచిదే. నా చావును నేనే అందుకున్నాను, వేలికి సిరా అంటకుండా.