కత్తెర పాలైన కార్డు

కోడలు ముందుగది తుడుస్తోంది. మిషను దగ్గరకు వచ్చినప్పుడల్లా "కాలు" అంటోంది. దర్జీ పని చేసుకునే ఆమె భర్త తలెత్తకుండానే కాలెత్తుతున్నాడు. పొద్దున్నే ఒకరి పాంటు ఇచ్చెయ్యాలి, తరువాత తల్లిని పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. అదీ ఆనాటి పథకం.

పాత కట్టుడుపళ్ళు విరిగినప్పటి నుంచి పెద్దావిడ నోరు తెరవడం మానేసింది. బోసినోటితో మాట్లాడితే పరువు పోతుందని కొడుకుతో కూడా సైగలే. మెత్తనివి మింగి మింగి మనిషి సగమైంది. కొత్త పళ్ళు తయారయ్యాయి, డబ్బు కట్టి తెచ్చుకోవాలి. ఆ డబ్బు ఆవిడ పింఛను. ఎవరెంత చెప్పినా ఆవిడ బ్యాంకులో ఖాతా తెరవలేదు. ఖాతా లేకపోయినా ఫరవాలేదు, ఒక కార్డు ఇంటికి పంపుతాం, పింఛను నేరుగా అందులోనే పడుతుందని ప్రభుత్వం వాళ్ళు చెప్పారు.

తలుపు సందులోంచి తెల్ల కవరొకటి లోపలికి జారింది. దర్జీ నొక్కి చూశాడు. లోపల గట్టిగా తగిలింది. అప్పులిస్తామంటూ వచ్చే కార్డులంటే ఆయనకు ఒళ్ళుమంట. అలాంటి కవరును విప్పకుండానే బట్టల కత్తెరతో ముక్కలు చెయ్యడం ఆయన అలవాటు. దీన్నీ అలాగే కత్తిరిస్తే ముక్కలు తుడుపు బకెట్లో పడ్డాయి.

"అయ్యయ్యో! అత్తయ్య కార్డు కూడా తెల్ల కవర్లోనే వస్తుందన్నారు కదండీ!"

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పేలోపే కత్తెర ఆడించేశారుగా! మీ చెయ్యి ఊరుకుంటేనా?"

కవరు కాగితం నీళ్ళలో ముద్దయిపోయింది. కార్డు ముక్కలు మాత్రం దొరికాయి. గది గుమ్మంలోంచి పెద్దావిడ చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఏడవకమ్మా, అతికించేస్తాను" అన్నాడు కొడుకు.

జిగురు అంటలేదు. దర్జీకి తెలిసిన రెండో ఉపాయం ఇస్త్రీ. చేతికందిన గుడ్డ మీద ముక్కలు పేర్చి, వేడి పెట్టె ఆనించాడు. కార్డు కరిగి గుడ్డకు అతుక్కుపోయింది. ఆ గుడ్డ ఇచ్చెయ్యాల్సిన పాంటు.

పెద్దావిడ తల కొట్టుకుని తన గదిలోకి వెళ్ళబోయింది. కొడుకు భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. "నువ్వు కంగారు పడకు. పింఛను ఆఫీసుకు ఫోను చేస్తాను."

ఫోనులో చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. ఆయన తల్లి పేరు, పుట్టిన తేదీ చెప్పాడు.

"ఆ కార్డు వాడుకలోనే ఉంది సార్. నిన్న మా ఆఫీసుకొచ్చి పిన్ నంబరు కూడా పెట్టుకున్నారు."

"పెట్టుకున్నారా? కార్డు ఇక్కడ పాంటుకి అంటుకుని ఉంటే! దొంగెవడో కాజేశాడమ్మా! వెంటనే ఆపెయ్యండి!"

"కార్డు ఎవరిదో వాళ్ళే చెప్పాలి సార్. ఆవిడ గొంతు వినాలి."

ఆయన ఫోను తల్లి నోటి దగ్గర పెట్టాడు. "అమ్మా, ఒక్క మాట! ఆపెయ్యమని చెప్పు!"

ఆవిడ పెదవులు బిగించుకుంది.

"నీ పళ్ళకోసమేనే తల్లీ, నోరు విప్పు!"

ఆవిడ ఫోను లాక్కుని కట్ చేసింది. విసవిసా గదిలోకి వెళ్ళి సంచీతో తిరిగి వచ్చింది. అందులోంచి కార్డు తీసి కొడుకు ముక్కు ముందు ఆడించింది. గీత పడలేదు, మెరుస్తోంది. మీద ఆవిడ పేరుంది.

"మరి ఇదెవరిది?" అన్నాడు కొడుకు.

కోడలు పాంటు మీది ప్లాస్టిక్కును గోటితో ఊడదీసి వెనక్కి తిప్పింది. కరగని మూలలో ఉన్న అక్షరాలు చదివి నిట్టూర్చింది. "మీదేనండీ. పాతదాని గడువైపోయింది, కొత్తది పంపుతున్నామని బ్యాంకువాళ్ళు చెప్పలా?"

పెద్దావిడ చెప్పులేసుకుంది. కొడుకు వంకా, పాంటు వంకా ఒకసారి చూసి, పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో బ్యాంకు ఖాతా ఉన్నది దర్జీ ఒక్కడికే, ఆ పూట చేతిలో కార్డు లేకుండా పోయిందీ ఆయనకే.