రెండు మూపుల అక్షర సంగ్రామం

ఆనాటి ఉదయం ఆ ఇంట కొలువుదీరినవారు వీరు: నిలువు గీత గీస్తే గుండుసూది సిగ్గుతో వంగిపోయేంతటి రేఖాధురంధరుడైన తండ్రి, సున్న చుడితే పున్నమి చంద్రుడే దిగివచ్చి తన కొలత సరిచూసుకునేంతటి వర్తులచక్రవర్తి, బ్రహ్మచారి అయిన బాబాయి, వారిద్దరి నడుమ అన్నం గరిటె పట్టుకుని సంధి రాయబారాలు నడిపి నడిపి విసిగిన తల్లి, తోక కొసకు ఆకుపచ్చ రంగంటిన పిల్లి, వీరందరికీ వెనకగా, గోడకూ బీరువాకూ మధ్య ఉన్న సందులో, పదిహేనేళ్ళు నిండినా బయటివారితో పదిహేను మాటలు పలికి ఎరుగని మౌనవ్రతధారిణి, వీధివీధంతా కలిసి 'గుసగుస' అని బిరుదిచ్చిన కన్యకామణి.

కాలం, పాలవాడు వెళ్ళాక కుళాయి రాక ముందు లోకమంతా ఆవలించే పుణ్యముహూర్తం. స్థలం, టర్పెంటైను పరిమళంతో, ఆరీ ఆరని రంగుల నిగనిగలతో విరాజిల్లే వీధిగది. అదే ఆ అన్నదమ్ముల బోర్డుల దుకాణం. ఓ కుంచెలారా, ఓ డబ్బాలారా, ఓ మూతలారా! ముఖ్యంగా ఓ మూతలారా! ఈ గాథకు మీరే మూలం గనుక మీకే తొలి నమస్కారం.

ఆ సోదరులకు పూర్వకాలం నుంచీ ఒక ధర్మశాస్త్రం ఉంది. ఇంగ్లీషు బోర్డు వస్తే కాళ్ళున్న అక్షరాలు అన్నవి, బొజ్జలున్న అక్షరాలు తమ్ముడివి. ఇరవై ఏళ్ళుగా ఒకరి సరిహద్దు ఒకరు దాటలేదు. చిన్న ఎం ఒక్కటే మూడు కాళ్ళూ రెండు మూపులూ వేసుకుని ఏ రాజ్యానికీ పన్ను కట్టకుండా తిరిగే సరిహద్దు జీవి. శాంతికాలంలో ఎవరి కుంచె తడిగా ఉంటే వారే దాన్ని రాసిపారేసేవారు.

కానీ ఇది శాంతికాలం కాదు. టర్పెంటైను డబ్బాకు మూత పెట్టనిదెవరనే మహావివాదం వారం కిందట రాజుకుని, దావానలమై, మాటామంతీని దహించివేసింది. గజం దూరంలో నిలబడి కూడా ఆ యోధులిద్దరూ గుసగుస ద్వారానే సంభాషిస్తున్నారు.

"మీ బాబాయితో చెప్పు, నిచ్చెన నా కాలి మీద పెట్టాడని."

"మీ నాన్నతో చెప్పు, నిచ్చెన వచ్చే దారిలో కాలు పెట్టింది ఆయనేనని."

వంటింట్లో తల్లి కూతురి చెవిలో వేసిన వార్త అంతకంటే దారుణం. "ఇంకొక్క బోర్డు తప్పని వెనక్కొచ్చిందా, దుకాణం పంచేసుకుంటారటే! ఉన్నది ఒక్క నిచ్చెన. దాన్ని అడ్డంగా కోస్తారట. పై సగం నాదంటున్నారు మీ నాన్న. కింద సగం లేకుండా పై సగం ఎక్కేదెలాగో ఆ మహానుభావుణ్ణే అడుగు!"

సగం నిచ్చెన ఈ గోడకూ సగం ఆ గోడకూ ఆనించి ఉన్న ఇల్లు ఒక్క క్షణం గుసగుస కళ్ళ ముందు మెదిలింది.

అంతలో వీధిగదిలో కుంచెలు కడుగుతూ తండ్రి అన్నాడు: "మీ బాబాయితో చెప్పు, వకీలమ్మగారి బోర్డులో ఆ మూపుల అక్షరం నేను ముట్టుకోలేదు, తనే రాసుకున్నాడుగా, సంతోషమేనా అని."

ఆమె పెరట్లోకి వెళ్ళి ఆ మాట అప్పగించేలోపే బాబాయి అన్నాడు: "మీ నాన్నతో చెప్పు, మూపుల అక్షరం ఆయనకే వదిలేశాను, ఆయన పెద్దరికమే గెలిచిందని."

గుసగుస పాదాల కింద భూమండలం ఒక్కసారి కంపించింది. ఇతడు రాయలేదు. అతడూ రాయలేదు. తమ్ముడి బొజ్జలను చూడనని శపథం పట్టి అన్న ముఖం తిప్పుకుని బోర్డుకు పాత పేపరు చుట్టాడు. అన్న కాళ్ళను చూడనని పంతం పట్టి తమ్ముడు విప్పి చూడకుండానే నిన్న సాయంత్రం ఇచ్చి వచ్చాడు. వకీలమ్మ స్వహస్తాలతో రాసిచ్చిన చీటీలో ఉన్నది 'హూమ్ డు యూ విష్ టు సీ'. ఇప్పుడు ఆమె ఆఫీసు తలుపు మీద ఉన్నది 'హూ', ఒక ఖాళీ, తర్వాత మిగతాది.

ఆ వకీలమ్మ సామాన్యురాలు కాదు. చుక్క ఒకటి తక్కువైందని మరో పెయింటరు రాసిన బోర్డును మూడంతస్తులూ వినపడేలా తిట్టి మెట్ల మీంచి దొర్లించిన తప్పులవేటకత్తె.

తాను మోయవలసిన రెండు వార్తలనూ గుసగుస జీవితంలో మొదటిసారి మోయలేదు. నడుముకు ఓణీ బిగించి, సన్నకుంచె అనే ఖడ్గాన్ని జడలో దోపుకుని, నల్లరంగు చిన్నడబ్బాను అరచేత దాచి, మూత మరవకుండా పెట్టి, ఏకాకియై, నిస్సహాయయై, చెప్పులు తారుమారుగా తొడుక్కుని బయల్దేరింది.

ఇరవై రెండు మెట్లు. పర్వతారోహణం. పైన తెరిచిన తలుపును టీ గ్లాసుతో కాపలా కాస్తున్నాడు గుమస్తా.

"ఏమ్మా, ఎవరు కావాలి?"

గుసగుస పెదవులు కదిలాయి. శబ్దం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె లోపలికి తెరుచుకున్న తలుపు మీది బోర్డును చూపించింది, ఖాళీని చూపించింది, డబ్బాను చూపించింది.

"ఓ, అదా! ఎం లేదనా? వదిలెయ్ తల్లీ. ఈ రోజుల్లో హూమ్ ఎవరంటున్నారు? అందరూ హూ తోనే కానిచ్చేస్తున్నారు. వచ్చేవాడు ఎలాగూ వస్తాడు. ఆ ఖాళీ చూస్తే గాలి ఆడేందుకు వదిలారనుకుంటారు."

ఆ వాదం బలమైనదే. మాటల్లో హూ చెల్లిపోతుందని ఇంగ్లీషు మాస్టారు కూడా చెప్పారు. తలుపు మీదా ఉత్తరంలోనూ రాసేటప్పుడు మాత్రం, జవాబుగా 'అతణ్ణి' అని వస్తే హూమ్ రాయమన్నారు. ఇదంతా గుసగుస డైరీలో ఎర్రసిరాతో ఉంది. డైరీని గుమస్తాకు చూపించడం కుదరదు. కనుక ఆ వీరాంగన ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, సభాపర్వానికి తగిన మహోపన్యాసాన్ని ఒక్క గుక్కలో ఇలా ప్రకటించింది:

"తెలుగులో అయితే, తమరు ఎవరు చూడాలి, అని రాయించుకుంటారాండీ?"

గుమస్తా టీ గ్లాసు గాలిలో ఆగింది. "ఎవరు చూడాలా? ఛ, ఎవరిని కదా!" అన్నాడు. తర్వాత తన నోటితో తానే ఓడిపోయానని గ్రహించి, స్టూలు జరిపి ఇచ్చాడు. "కానివ్వు, కానివ్వు. మేడమ్ ఇంకా బోర్డు చూడలేదు, ఫోనులో ఉన్నారు."

స్టూలు కుంటిది. రంగు చిక్కనిది. మొదటి కాలు గీస్తున్నప్పుడు నాన్న గీతకు ముందు ఊపిరి వదిలే తీరు గుర్తు తెచ్చుకుంది. కాలు నిటారుగా దిగింది. మూపు తిప్పుతున్నప్పుడు బాబాయిలా నాలుక కొస బయటపెట్టింది. మూపు గుమ్మటంలా లేచింది. రెండో కాలు. రెండో మూపు. ఇంతలో ఒక ఈగ, శత్రుపక్షం పంపిన మాయావి వలె, వచ్చి సరిగ్గా మూడో కాలు దిగవలసిన చోట వాలింది. గుసగుస ఉఫ్ అని ఊదింది. ఈగ కదలలేదు. అప్పుడు ఆమె కంఠం నుంచి, వీధి ఎన్నడూ విననంత ఉచ్చస్వరంలో, "లే!" అనే సింహనాదం వెలువడింది. ఈగ లేచింది. గుమస్తా కూడా లేచాడు. లోపల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

మూడో కాలు దిగే సమయానికి వకీలమ్మ స్టూలు పక్కన నిలబడి ఉంది. కళ్ళజోడు సవరించుకుని ప్రతి అక్షరాన్నీ సాక్షిని ప్రశ్నించినట్టు చూసింది. కొత్త ఎం దగ్గర మరీ ఎక్కువసేపు ఆగింది.

"ఎవరు రాశారిది?"

నాన్న అంటే బాబాయి పోతాడు. బాబాయి అంటే నాన్న పోతాడు. నేను అంటే ఇద్దరూ పోతారు. గుసగుస కుంచెను వెనక్కి దాచి, తలెత్తి, పూర్తి గొంతుతో అంది:

"ఇద్దరూ."

"ఊఁ. ఈ మేడలో ఇంకా పన్నెండు తలుపులున్నాయి. ఇద్దర్నీ రమ్మను. విడివిడిగా కాదు, కలిసి. ఇక దిగు. రంగు పచ్చిగా ఉంది, తలుపు ముట్టుకోకు."

వినండి లోకులారా! అంగుళమున్నర పొడవైన ఒక అక్షరం స్వస్థానంలో ప్రతిష్ఠితమైంది! ఒక నిచ్చెన నిలువునా బతికింది! గుసగుస స్టూలు దిగి, నమస్కారం పెట్టబోయి, కుంచె పట్టుకున్న చేత్తోనే పెట్టి ముక్కుకు నల్లచుక్క అద్దుకుని, గడప దాటింది. వకీలమ్మ పిడి పట్టుకుని మెల్లగా తలుపు వేసేసింది. ముక్కు మీది చుక్కకు జానెడు దూరంలో ఆ రెండు మూపుల అక్షరం, ఇంకా తడిగా, తన మూడు కాళ్ళ మీద తాను నిలబడి ఉంది.