ఒక్క అల్లుడు, ఐదు లాగిన్లు

ఆ ఉదయం అల్లుడుగారి పథకం చాలా సులువైనది. ఎనిమిదింటికి టిఫిన్, తొమ్మిదింటికి ఆఫీసు, పదింటికి మీటింగు, పదకొండింటికి పర్మనెంటు ఉద్యోగం. పరుపుల కంపెనీలో ఆరు నెలల ప్రొబేషన్ ఆ రోజుతో ముగుస్తుంది. ఏ దుకాణంలో ఎన్ని పరుపులు అమ్ముడయ్యాయో రంగుల గీతల్లో చూపించే డాష్‌బోర్డును ఎమ్‌డీగారి ముందు పెట్టాలి. ఆయన తలూపితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది.

టిఫిన్ దగ్గర అత్తగారు నోరు విప్పకపోతే అంతా సవ్యంగానే జరిగేది. ముప్పై ఏళ్ళు గోడౌన్లో సరుకు లెక్క చూసి రిటైరైన మనిషి ఆవిడ. చేతికి దుమ్ము అంటనిది ఏదీ ఆవిడ దృష్టిలో పని కాదు.

"రోజంతా కూర్చుని రంగులు చూస్తారట. దానికి జీతం కూడానా, అల్లుడుగారూ?"

అల్లుడుగారికి ఒళ్ళు మండింది. అక్కడికక్కడే ఫోన్ తీసి, డాష్‌బోర్డు లింకును ఫ్యామిలీ గ్రూపులో పడేశాడు.

"ఆఫీసుది అలా పంపొచ్చా అండీ?" అంది భార్య.

"ముందు పేజీలో నా పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. అది చూస్తే చాలు. నా పాస్‌వర్డు లేనిదే లోపలికి ఈగ కూడా దూరదు."

ఈగ దూరలేదు, కుటుంబం దూరింది. ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసిన మహానుభావులు, లోపలున్న మనిషిని గుర్తుపట్టే టోకెన్‌ను తీసుకెళ్ళి లింకు చివర తోకలా తగిలించారు. దానికి గడువన్నది లేదు. ఆ లింకు ఎవరి చేతిలో పడితే వాళ్ళే అల్లుడుగారు.

పదింటికి మేనేజరు తన కంప్యూటర్లోంచి డాష్‌బోర్డును గోడ మీది తెరకెక్కించాడు. అల్లుడుగారు గొంతు సవరించుకునేలోగా ఎర్ర గీతలన్నీ లేత గులాబీ రంగులోకి మారిపోయాయి. అది వాళ్ళ పడగ్గది కర్టెన్ల రంగు. లోపల దూరింది భార్యేనని అతనికి అర్థమైపోయింది.

"ఇదేమిటి?" అన్నారు ఎమ్‌డీ.

"కళ్ళకు చల్లగా ఉంటుందని, సర్."

ఇంతలో దుకాణాల వరుస తలకిందులైంది. అది బావమరిది చలవ. ఆ వెంటనే సాక్షాత్తూ అల్లుడుగారి పేరుతోనే తెర మీద ఒక వ్యాఖ్య వెలిసింది: "మూడో వరుస తప్పు. ఇలా లెక్క రాసేవాళ్ళను గేటు కూడా దాటనివ్వకూడదు."

ఎమ్‌డీగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారా?"

"ఆత్మవిమర్శ, సర్."

అల్లుడుగారు బల్ల కింద ఫోన్ పెట్టుకుని గబగబా పాస్‌వర్డు మార్చేశాడు. లోపలున్నవాళ్ళను టోకెన్ ఏమీ అనలేదు. కొత్త పాస్‌వర్డు అతన్నొక్కణ్ణే అడిగింది. కంగారులో మూడుసార్లు తప్పు కొట్టాడు, తలుపు మూసుకుపోయింది. ఇంటిల్లిపాదీ లోపల, అతనొక్కడే బయట.

నీళ్ళు తాగే వంకతో గది మూలకు వెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు. "నీకు దణ్ణం పెడతాను, అందరూ బయటికొచ్చేయండి!"

"నేను వచ్చేశానండీ. తమ్ముడూ వచ్చేశాడు. అమ్మే రానంటోంది. లెక్క తేలందే లేవదట."

అప్పుడే తలుపు తోసుకుని, కంప్యూటర్ల భద్రత చూసే ఆవిడ వచ్చింది. ఆఫీసంతా చాటుగా తాళాలమ్మ అంటారు.

"సర్, పొద్దుట్నుంచి ఈయన పేరుతో ఐదు ఫోన్లు లోపలికొచ్చాయి. లింకు బయటపెట్టిందెవరో తేలితే ఇవాళే ఇంటికి పంపించాలి."

ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది. అతనిది, భార్యది, బావమరిదిది, అత్తగారిది. ఐదోది, తెరిచిపెట్టి కునుకు తీస్తున్న మావగారిది.

ఎమ్‌డీగారు చెయ్యెత్తి ఆపారు. అప్పటిదాకా ఆయన గోడౌన్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నారు. "మూడో వరుస నిజంగానే తప్పు! దుకాణాలు తిప్పి పంపిన పరుపులు మళ్ళీ బయటికెళ్తే, రెండోసారి అమ్మినట్టు లెక్కేశారు. ఏడాదిగా ఎవరూ పట్టుకోలేదు. ఎలా కనిపెట్టారో చెప్పండి బాబూ."

అల్లుడుగారు మూడో వరుసను పైనుంచి కిందికి చూశాడు. ఒక్క ముక్క తోచలేదు. ఇక దాచి లాభం లేదు.

"నేను కాదు సర్, మా అత్తగారు. లింకు పంపింది మాత్రం నేనే."

ఎమ్‌డీగారు, "ఆవిడకు కలపండి, అందరికీ వినపడేలా," అన్నారు.

ఇటువైపు ఎవరైనా నోరు తెరిచేలోగా అత్తగారే అందుకుంది. "అల్లుడుగారూ, ఇంత పనీ రోజూ మీరొక్కరే చేస్తున్నారా? తెలీక పొద్దున నోరు జారాను, ఏమీ అనుకోకండి. ఆ ఒక్క వరుస తప్ప మిగతాదంతా ముత్యంలా ఉంది. మీ పైవాళ్ళకి చెప్పి ఒక మనిషిని సాయం అడగండి. ఊరికే చాకిరీ చేయించుకుంటే ఎలా?"

ఆరు నెలల్లో అతని పనిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే. అల్లుడుగారి కళ్ళు చెమర్చాయి.

"పైవాణ్ణి వింటున్నానమ్మా," అన్నారు ఎమ్‌డీ. "ఆ సాయానికి మీరే రాకూడదూ?"

సాయంత్రానికల్లా తాళాలమ్మ టోకెన్లకు గంట గడువు పెట్టించింది. పాస్‌వర్డు మారిస్తే లోపలున్నవాళ్ళంతా బయటపడేలా కూడా చేయించింది. అత్తగారికి సొంత లాగిన్ ఇచ్చారు, అల్లుడి కంటే ఒక మెట్టు పైన. ఇకమీదట అతని ప్రతి రిపోర్టునూ ఆవిడ చూసి సరేననాలని కాగితం మీద రాసి మరీ ఎమ్‌డీగారు సంతకం చేశారు.

ఆ విధంగా అల్లుడుగారికి ఉద్యోగం పర్మనెంటయింది. ప్రొబేషన్ కూడా.