మోడెం గుచ్చినవాడికే మోక్షం

విండోస్ బదులు లినక్స్ నడిచే కంప్యూటర్‌కి యూఎస్‌బీ మోడెం తగిలించడాన్ని మించి మనిషిని బాగుచేసే సాధన లోకంలో లేదు. కొండలెక్కి ముక్కు మూసుకున్నవాళ్ళు ఏం సాధించారో మనకి తెలీదు. మోడెం గుచ్చి బాగుపడినవాడు మాత్రం మనకి తెలిసినవాడే!

ఆయన వృత్తి అనువాదం. నవలలూ కావ్యాలూ కాదు. మిక్సీయో ఫ్యానో కొంటే అట్టపెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటుంటుంది చూశారూ, మనం చదవకుండా అవతల పారేసేది? అదీ ఆయన సాహిత్యం. వీధిలో అందరూ ఆయన్ని కరపత్రం గారంటారు.

ఆ రోజు సాయంత్రం ఐదింటికల్లా కూరలు తరిగే మిషను తాలూకు కాగితాన్ని అనువదించి కంపెనీకి పంపాలి. అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి కూడా అయితే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు. మేనేజర్లు అంత మర్యాదగా మాట్లాడారంటే భయపడాల్సిందే.

సరిగ్గా ఆ పొద్దున్నే రోడ్డు తవ్వేవాళ్ళు కేబుల్ తెంపేశారు. వీధి మొత్తానికీ నెట్ పోయింది. నెట్ సెంటర్ ఓనరు బయట స్టూలేసుకుని గుంతలోకి చూస్తూ కూర్చున్నాడు. కరపత్రం గారు బజారుకెళ్ళి బొటనవేలంత మోడెం కొనుక్కొచ్చారు. పెట్టె విప్పగానే ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. లోపలి కాగితం ఆయన రాసిందే! "గుచ్చండి, వాడండి" అన్న మహావాక్యం ఆయనదే! తను రాసింది తనే మళ్ళీ చదవడమేమిటని కాగితం పక్కన పడేసి, తన లినక్స్ కంప్యూటర్‌కి గుచ్చారు.

కొత్త సీడీ వచ్చిందని చెప్పింది కంప్యూటర్.

అదీ సంగతి. ఈ మోడెం కడుపులో విండోస్ సాఫ్ట్‌వేర్ మోసుకుంటూ ముందు సీడీ వేషంలో దిగుతుంది. విండోస్ వాళ్ళింట్లో అయితే వేషం దానంతటదే తీసేస్తుంది. లినక్స్ వాళ్ళింట్లో తియ్యదు. అల్లుడొచ్చాడని తలుపు తీస్తే, "నేను అల్లుణ్ణి కాదు, సూట్‌కేసుని" అన్నట్టు! ఇరవైసార్లు పీకి ఇరవైసార్లు గుచ్చేసరికి కరపత్రం గారిలో అహంకారం అడుగంటింది. ఏ గురువు పోగొట్టగలడండీ అంత త్వరగా?

తర్వాత కలిగేది జ్ఞానం. వేషం తీయించే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటుందని నెట్ సెంటర్ ఓనరు చెప్పాడు. ఎక్కడుంది? నెట్‌లో ఉంది. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళవదు అన్న సామెత లోతు కరపత్రం గారికి ఆ క్షణంలో తెలిసింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారు. నలభై నిమిషాలు వీణ విన్నారు. సంగీతజ్ఞానం అదనం! చివరికి ఒకమ్మాయి పలికింది.

"సర్, మీది ఏ విండోస్?"

"విండోస్ కాదమ్మా, లినక్స్."

"ఓకే సర్. లినక్స్‌లో ఏ విండోస్?"

నాలుగున్నరయింది. కరపత్రం గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఇంటావిడ టీ తెచ్చి, పక్కన పడున్న కాగితం తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, ఇంగ్లీషు వైపు ఎనిమిది సూచనలున్నాయి. మన వైపు ఏడేనేం?"

ఆయన లాక్కుని చూశారు. ఎనిమిదోది: లినక్స్ వాడేవారు తెరమీద కనిపించే సీడీని ఎజెక్ట్ చేసి అరనిమిషం ఆగవలెను. అంతే! పోయినేడాది పేజీలో ఒక లైను ఎక్కువైతే, ఇదెవడు వాడతాడులే అని స్వహస్తాలతో కొట్టేసిన లైను.

ఎజెక్ట్ చేశారు. ఆగారు. మోడెం వేషం తీసేసి పచ్చలైటు వెలిగించింది.

కూరల మిషను ఫైలు పంపబోతుంటే ఆయన చెయ్యి ఆగింది. ఇందులోనూ పేజీ పట్టక ఒక లైను కొట్టేశారు మరి.

"ఏం కొట్టేశారేంటి?" అంది ఇంటావిడ.

ఎడమచేతివాటం వాళ్ళు బ్లేడు తిప్పి బిగించుకోవాలని, లేకపోతే వేలు తెగుతుందని ఉందని, అయినా అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారని ఆయన నసిగారు.

"ఎంతమందో ఎందుకు లెండి, నేనొక్కదాన్నే" అంటూ ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుంది. ఎడమచేత్తో.

పదిహేనేళ్ళ కాపురంలో ఆ చెయ్యి వైపు ఆయన పరీక్షగా చూడటం అదే మొదలు.

టైం నాలుగూ యాభై నాలుగు. వేలు లైను మళ్ళీ పెట్టారు. పేజీ పొంగింది. ఏదో ఒకటి తియ్యాలి. పైనుంచి కిందిదాకా చూసి, "మా యంత్రాన్ని ఎంచుకున్నందుకు మీకు హృదయపూర్వక అభినందనలు" అన్నది తీసేశారు. నాలుగూ యాభై ఎనిమిదికి పంపేశారు.

ఐదూ పదికి మేనేజరు జవాబొచ్చింది. సకాలంలో పంపినందుకు సంతోషమట, పని ఇకముందూ ఆయనకేనట. అభినందనలు మాత్రం పొరపాటున ఎగిరిపోయాయట. అందుకని వేలు గురించిన లైను తీసేసి, ఆ చోటులో అభినందనలు పెట్టి ప్రింటుకి పంపేశారట.

ఇకమీదట ముఖ్యమైన లైన్లు వదిలేయవద్దని మర్యాదగా కోరాడు.