స్కూలి పాతిపెట్టిన దీపం

ఇల్లుగి నోటికి తాళం అనేది ఉండి ఉంటే స్కూలి బతుకు ఇలా అయ్యేది కాదు. పక్క పొలం వాడే, కానీ కంటపడింది ఊరికి చెప్పందే వాడికి అన్నం సయించదు.

ఆ రోజు స్కూలి దీపంలోకి సొరచేప నూనె కోసం రేవుకు బయలుదేరాడు. ఆ ఉత్తరపు మంచుదేశంలో నడి చలికాలం. పొద్దున పది కావస్తున్నా తెల్లవారలేదు. దారిలో, కంటికి కనబడకుండా రాళ్ళలో కాపురముండే మరుగు మనుషుల బండ ఉంది. అటు పోయేవాళ్ళు టోపీ తీసి, దూరంగా తప్పుకుపోవాలి. ఆ బండ పగులులో ఏదో వెలుగుతోంది. తొంగి చూస్తే గుడ్డు డొప్పంత దీపం. నూనె లేదు, వత్తి లేదు, పొగ లేదు. వేసవి మధ్యాహ్నాన్ని ఎవరో చిటికెడు తీసి అందులో పెట్టినట్టుంది. స్కూలికి ఊపిరాడలేదు. ఆడిన తర్వాత, ఇక నూనె కొనక్కర్లేదని తోచింది.

ఇంటికి తెస్తే భార్య గ్రోవా చేతిలో ఉన్ని జారిపోయింది. "ఎంత బాగుందయ్యా!" అంది, కళ్ళనీళ్ళతో. మరుక్షణమే, "వాళ్ళ దీపం ఎత్తుకొచ్చావా? మతి పోయిందా నీకు?" అంది.

"ఒక్క చలికాలం వాడుకుని ఇచ్చేస్తానే."

"అడిగి తెచ్చావా? ఎక్కడిది అక్కడ పెట్టి రా, ఫో!"

తన గడ్డినేలకు అడ్డంపడి పోతుంటే, దూరాన ఎదురొస్తూ ఇల్లుగి. స్కూలి దీపాన్ని ఊదాడు, ఆరలేదు. టోపీ కప్పితే టోపీ కుట్లన్నీ లెక్కపెట్టేలా వెలిగాయి. కోటులో దూర్చితే పక్కటెముకలు కనిపించాయి. గత్యంతరం లేక, వాడు దగ్గరికొచ్చేలోపే మంచులో గొయ్యి తీసి పాతేశాడు.

మంచు ఊరుకుంటుందా? ఈ కొస నుంచి ఆ కొస దాకా నేలంతా వెలిగింది. అడుగున గడ్డి పోచ పోచా విడివిడిగా కనిపించింది.

ఇల్లుగి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఒరే స్కూలీ, నీ నేల కింద వాళ్ళు కాపురముంటున్నార్రా!"

"కాపురమూ లేదు, గీపురమూ లేదు. ఇంటికి పో."

"ఇది చూసి ఇంటికెలా పోతాన్రా?" అంటూ చర్చి వైపు పరుగెత్తాడు.

గంటలో ఊరంతా వచ్చి నిలబడింది. పాదిరిగారు టోపీ తీశారు. "వాళ్ళ వెలుగు పైకొచ్చిన చోట కొడవలి పెట్టకూడదు. వెలుగు ఎంత మేరో, అంత మేరా వాళ్ళదే."

జనం వెలుగు అంచున రాళ్ళు పాతసాగారు. స్కూలి రెండు ఆవులూ చలికాలం గట్టెక్కేది ఆ గడ్డితోనే. నిజం చెబితే మరుగు మనుషుల సొత్తు కాజేసిన దొంగ అవుతాడు. అలాంటివాడికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. మూడో మూల రాయి పడేసరికి ఆగలేకపోయాడు.

"దొంగతనం చేశానండీ! బండలోంచి దీపం తెచ్చి నేనే పాతాను. ఇదిగో, చూడండి!"

మోచేతుల దాకా తవ్వాడు. మన్ను తగిలింది. దీపం లేదు. వెలుగు మాత్రం అతని వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా పొంగుతోంది. ఒక్క క్షణం స్కూలి కూడా ఆవుల్ని మరిచిపోయాడు.

"గడ్డి కోసం వాళ్ళ మీదే అబద్ధమాడతావట్రా?" అన్నాడు ఇల్లుగి.

"పోనీలే నాయనా. ఆశ ఎంతమాటైనా అనిపిస్తుంది," అని పాదిరిగారు క్షమించి, నాలుగో రాయి తన చేత్తోనే పాతారు.

ఆ వెలుగు ఇప్పటికీ ఆరలేదు. దాని వేడికి అక్కడ గడ్డి నడి చలికాలంలోనూ మోకాలెత్తు పెరుగుతుంది. కొడవలి పెట్టేవాడే లేడు. రాళ్ళకు ఇవతల నిలబడి స్కూలి కంటితో కొలిచి చూస్తే, ఒక మనిషికి సరిగ్గా నాలుగున్నర రోజుల కోత.